టెంకాయ చిప్పల బొగ్గు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం మా అన్న భోజనానికి కూర్చుని, రెండోసారి మజ్జిగ పోయించుకుంటూ, "ఎముకల బొగ్గాయన పోయినాడంట, ఎమ్మిగనూరులో" అన్నాడు. అని, ఊరగాయ జాడీ ఇటు జరపమన్నాడు. ఒక మనిషి చనిపోయిన వార్తకు మా ఇంట్లో దక్కిన మర్యాద అంతే. నా మెట్టినిల్లు కూడా ఆదోనిలోనే కాబట్టి, ఆ పూట నేను పుట్టింటికి ఊరికే వచ్చి ఉన్నాను.

"ఆ పేరు పెట్టింది నువ్వే గదన్నా" అన్నాను.

"నేనేం పెట్టినాను? ఊరంతా అనేదే గదా" అన్నాడు.

ఊరంతా అంటున్న మాట నిజమే. నాలుగేళ్ళుగా అంటోంది. అది మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఊరు మరిచిపోయింది. మా అన్న కూడా మరిచిపోయాడు, లేదా మరిచిపోయినట్టు నటిస్తున్నాడు. నేను మరవలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇది అచ్చయితే మా వాళ్ళు నా మీద మండిపడతారు. పడనీ. మంచిదాన్ని అనిపించుకోవడానికి నాలుగేళ్ళు నోరు మూసుకున్నాను, చాలు.

ఆ పేరు పుట్టకముందు మేము ఆయనను రంగులప్ప అనేవాళ్ళం. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ళకు నూలుకు రంగులు వేసేవాడు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. రెండు చేతులూ మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ఎంత రుద్దినా పోయేది కాదట. మా ఇంటికి వచ్చినప్పుడు ఆ చేతులను భుజం మీది తువ్వాలు కింద దాచుకునేవాడు. ఎందుకు దాచుకుంటాడో నాకు అప్పట్లో తెలియదు. మా అవ్వ ఆయన చేతుల వైపు ఎట్లా చూసేదో గమనించాక తెలిసింది.

మా నాన్నకు పత్తి మండీ ఉంది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఏదో వ్యాపారం మీద మద్రాసు పోయిన నాన్న, అక్కడ ఒక షావుకారు ఇంటి హాల్లో గాజు తొట్టిలో చేపలు తిరుగుతుంటే చూశాడు. చూసి ఊరుకునే మనిషి కాదు. నెల తిరక్కముందే ఇనుప చట్రం బిగించిన గాజు తొట్టి ఒకటి వరిగడ్డిలో చుట్టుకుని రైల్లో దిగింది. మూత ఉన్న ఇత్తడి క్యానులో ఎనిమిది బంగారు చేపలు నాన్న కాళ్ళ దగ్గరే ప్రయాణం చేశాయి. రెండు గుంతకల్లు దాటకముందే పోయాయి. ఆరు మిగిలాయి.

మేము శాకాహారులం. కోడిగుడ్డు పేరు వినబడితేనే మా అవ్వ చెవులు మూసుకునేది. అట్లాంటి ఇంట్లోకి చేపలు వచ్చాయి!

"సేపలా! ఇంట్లోకి సేపలు తెచ్చినావంట్రా? నా కర్మ కాలా, ఇంక ఈ ఇంట్లో నేను నీళ్ళు ముట్టను" అని అవ్వ లబలబలాడింది.

"అవతారాల్లో మొదటిది చేపే గదమ్మా" అన్నాడు నాన్న.

అవ్వ మూడు రోజులు హాల్లోకి రాలేదు. నాలుగో రోజు వచ్చి తొట్టికి పసుపూ కుంకుమా పెట్టింది. ఇంక అక్కడి నుంచి దేవుడికి ఏది పెడితే చేపలకూ అదే. శుక్రవారం పరమాన్నం, శనివారం పులిహోర, మిగిలిన రోజుల్లో బెల్లం కలిపిన బొరుగులు. పది రోజులకు తొట్టిలో నీళ్ళు డికాషన్ రంగుకు తిరిగాయి. హాల్లో అడుగు పెడితే ముక్కు పట్టుకోవాల్సి వచ్చేది. నీళ్ళు మార్చారు. మార్చినా రెండు రోజులకు మళ్ళీ అదే రంగు.

మా మండీ పక్కనే రంగుల అంగడి ఉండేది. రంగులప్ప ప్రతి బుధవారం ఎమ్మిగనూరు బస్సులో వచ్చి, రంగు పొడులూ బట్టల సోడా తీసుకుపోయేవాడు. మండీకి ఎవరు వచ్చినా చేపలు చూపించే పిచ్చి నాన్నకు పట్టుకుంది కాబట్టి, ఒక బుధవారం ఆయనను కూడా పిలుచుకొచ్చాడు.

వచ్చినవాళ్ళందరూ చేపలను చూసేవాళ్ళు. ఆయన నీళ్ళను చూశాడు. నా దగ్గర ఒక గాజు గ్లాసు అడిగి తీసుకుని, ముంచి, వాకిలి దగ్గరికి పోయి వెలుతురుకు పట్టాడు. వాసన చూశాడు.

"సేపలకు ఏమీ కాలేదు సావుకారూ. నీళ్ళకు రంగెక్కినాది. రంగెక్కించేది నా పని. దింపేది గూడా నా పనే" అన్నాడు.

"ఎట్ల దింపుతావప్పా?"

"బొగ్గుతో."

నాన్న నవ్వాడు. నల్లటి బొగ్గు వేస్తే నీళ్ళు తేట అవుతాయా అని. రంగులప్ప కూడా నవ్వాడు. ఆయన అలవాటు అది, వాదించడు, చేసి చూపిస్తాడు.

మరుసటి బుధవారం అడుగున సన్నని బెజ్జాలున్న కుండ ఒకటి, మాధవరం ఏటి ఇసుక ఒక సంచి, గుడ్డలో కట్టిన బొగ్గు ఒక మూట తెచ్చాడు. తొట్టి మీద అడ్డంగా, మధ్యలో బెజ్జం ఉన్న పీట పెట్టి, దాని మీద కుండను కూర్చోబెట్టాడు. కుండలో అడుగున గుడ్డ, గుడ్డ మీద ఇసుక, ఇసుక మీద బొగ్గు. బొగ్గు ముక్కలన్నీ శెనగ గింజ అంత ఉన్నాయి. వాటిని పెరట్లో ఎనిమిది నీళ్ళు కడిగాడు. కడిగిన నీళ్ళలో నలుపు పోయేదాకా లేవలేదు. "దుమ్ము పోకుంటే ముందు సేపల గొంతులోకే పోతాది పాపా" అన్నాడు నాతో. పైన ఒక పొర పత్తి పెట్టాలన్నాడు. పులిహోర మెతుకులు బొగ్గు దాకా పోకుండా అదే పట్టుకుంటుందట.

పత్తి అనేసరికి నాన్న ఛాతీ విరుచుకున్నాడు. "పత్తికి కరువా మన ఇంట్లో!" అని మండీ నుంచి మొదటి రకం పత్తి తెప్పించి, తన చేత్తోనే కుండలో కూరాడు. నన్ను నీళ్ళు పోయమన్నాడు. పోశాను. నీళ్ళు పత్తి మీదే నిలబడ్డాయి. ఒక్క చుక్క దిగలేదు. ఇంకో చెంబు పోశాను. అది కుండ అంచు మీదుగా పొర్లి నాన్న పంచె మీద పడింది.

"పచ్చి పత్తికి నీళ్ళంటవు సావుకారూ. ఆ పత్తికి జిడ్డు ఉంటాది. సోడాలో ఉడకబెట్టి ఉతికితేనే నీళ్ళు తాగుతాది. నూలుకు రంగేసే ముందు మేము సేసేది అదే" అన్నాడు రంగులప్ప.

మూడు తరాలుగా పత్తి అమ్ముతున్న ఇల్లు మాది. పత్తికి నీళ్ళంటవని ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు. నేను పకపకా నవ్వాను. నాన్న నా వైపు గుర్రుగా చూశాడు. ఆయనకు రంగులప్ప మీద మొదటి కోపం అప్పుడే వచ్చిందేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఉడికించిన పత్తి పెట్టాక నీళ్ళు దిగాయి. పొద్దున ఇరవై చెంబులు, సాయంత్రం ఇరవై చెంబులు తొట్టిలోంచి ముంచి కుండలో పోయాలి, అవి చుక్క చుక్కగా మళ్ళీ తొట్టిలోకి దిగాలి. ఆ పని నాది. నాలుగో రోజుకు తొట్టికి అవతల వైపు గోడ మీది సున్నం పెచ్చులు కూడా కనిపించాయి. మరుసటి బుధవారం నాన్న మండీలో ఉన్నవాళ్ళందరినీ పిలుచుకొచ్చి చూపించాడు. బొగ్గు ఆలోచన తనదేనన్నట్టు చెప్పుకున్నాడు. రంగులప్ప మెట్టు మీద కూర్చుని వింటూ ఉన్నాడు. మా అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. గ్లాసులో కాదు, ఎత్తి పోస్తే ఆయన దోసిలి పట్టి తాగాడు. ఎండలో బస్సు దిగి వచ్చిన మనిషి.

బొగ్గు గురించి ఆయన చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. బొగ్గుకు ఆకలి ఉంటుందనేవాడు. కొత్తలో ఆవురావురుమని తింటుంది, పదిహేను ఇరవై రోజులకు కడుపు నిండుతుంది, నిండాక అది రాయితో సమానం. ఆకలి ఉందో లేదో చూడ్డానికి గ్లాసు నీళ్ళలో నీలం ఒక చుక్క వేసి, గుప్పెడు బొగ్గు ముక్కలు వేసేవాడు. పూట గడిచేసరికి నీళ్ళు తెల్లబడితే బతికున్న బొగ్గు, లేకుంటే చచ్చింది. ఆ గ్లాసులో బొగ్గు మాత్రం మళ్ళీ కుండలోకి రానిచ్చేవాడు కాదు.

పారేయడమంటే మా నాన్నకు ప్రాణం ఒప్పదు. వాడిన బొగ్గును మేడ మీద చాప పరిచి ఎండబెట్టించాడు ఒకసారి.

"ఎండినాక మళ్ళా పనికొస్తాది గదప్పా?"

"ఎండితే ఎండుతాది సావుకారూ. ఆకలెట్ల పుడతాది? నీళ్ళు కాగబెట్టుకోండి దాంతో."

ఇంకో మాట కూడా అనేవాడు. "కంటికి తేటగా ఉండేవన్నీ మంచి నీళ్ళు కావు పాపా." అనుభవం లేని చెవిలో పడ్డ మాట. విన్నాను, ఊఁ కొట్టాను.

బొగ్గును ఆయన టెంకాయ చిప్పలతో చేసేవాడు. ఆ చిప్పలు మావే. మా ఇంట్లో రోజుకొక టెంకాయ కొట్టేవాళ్ళు, శనివారం మూడు. కొబ్బరి తీసేసిన చిప్పలను నేను గోనెసంచిలో దాచి, బుధవారం పెరటి తలుపు దగ్గర ఆయనకు ఇచ్చేదాన్ని. అమ్మ అవి నీళ్ళ పొయ్యిలోకి పోతున్నాయనుకునేది. నేను చెప్పలేదు. దేవుడి టెంకాయ చిప్పలు బయటివాళ్ళకు ఇస్తావా అంటుందని.

ఒక బుధవారం మా వాళ్ళందరూ మంత్రాలయం పోయారు. అవ్వ ఒక్కతే ముందు గదిలో నిద్రపోతోంది. నన్ను తీసుకుపోలేదు, ఎందుకంటే నేను బయట కూర్చున్న రోజులవి. ఆడవాళ్ళకు తెలుసు నేను ఏం చెబుతున్నానో. మగవాళ్ళకూ తెలుసు, తెలియనట్టు ఉంటారు. ఇది అచ్చులో రాయడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. అప్పుడు ఉన్న సిగ్గు వల్లనే ఇదంతా జరిగింది.

రంగులప్ప పెరటి వైపు వచ్చాడు. దూరంగా ఉండమని చెయ్యి చూపించాను. ఆయనకు అర్థమయింది.

"సంచి ఆడ పెట్టు పాపా, నేను తీసుకుంటా" అన్నాడు. మళ్ళీ తనే, "ఎవురూ లేరు గదా, ఈడనే కాల్చి సూపిస్తా, సూస్తావా?" అన్నాడు.

పాత నూనె డబ్బాలో చిప్పలు నింపి, మూతేసి, సందులకు బంకమట్టి పూసి, నీళ్ళ పొయ్యి మీద ఎక్కించాడు. మూతకు ఒక్క బెజ్జం. దానిలోంచి ముందు తెల్లటి పొగ దట్టంగా వచ్చింది. అది పలచబడి, నీలంగా మారి, ఆగిపోయేదాకా కూర్చున్నాము. ఆయన గొడ్ల కొట్టం నీడలో, నేను పెరట్లో నన్ను కూర్చోబెట్టిన గది గడపలో. పొగ ఆగాక డబ్బా తెరిచి, ఎర్రగా ఉన్న చిప్పల మీద నీళ్ళు చిలకరించాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. "ఇప్పుడు పుట్టినాది దానికి ఆకలి" అన్నాడు.

చల్లారాక ముక్కలు కొట్టాలి. నాకు చేతులు ఊరుకోలేదు. "నేను కొట్టొచ్చా? నేను ముట్టుకోకూడదు గదా" అన్నాను.

"బొగ్గుకు అంటూ ముట్టూ యాడిది పాపా? అగ్గిలోంచి వచ్చింది గదా అది" అన్నాడు.

పచ్చడిబండతో కొట్టాను. చేతులూ మొహమూ నల్లగా చేసుకున్నాను. నన్ను చూసి ఆయన నోరారా నవ్వాడు. ఆ మూడు రోజుల్లో నాతో మాట్లాడిన మనిషి ఆయన ఒక్కడే. నేను కొట్టిన ఆ బొగ్గే హాల్లో, దేవుడి గది ఎదురుగా ఉన్న కుండలోకి ఎక్కింది. ఎవరికీ తెలియదు, మా ఇద్దరికి తప్ప.

ఆరు నెలలు గడిచాయి. చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. తొట్టి అడుగున వేసిన రాళ్ళకు ఒళ్ళు రాసుకుంటున్నాయి. రంగులప్ప ఆస్పత్రి కాంపౌండరును అడిగి నీలం మందు తెచ్చాడు. నీళ్ళలో లెక్కగా చుక్కలు వేశాడు. తొట్టి అంతా నీలమయింది. వెంటనే కుండ దించేసి, బొగ్గు మూట తీసి నా చేతికిచ్చి, కుండను అటకెక్కించాడు.

"మందు ఉన్నన్ని దినాలు బొగ్గు వద్దు పాపా. బొగ్గుకు మురికేదో మందేదో తెలీదు. రెండూ తాగేస్తాది. మళ్ళా బుధవారం నేనొచ్చి పెడతా. అందాకా కుండ ముట్టొద్దు" అన్నాడు. ఇంత స్పష్టంగా చెప్పాడు. నాకొక్కదానికే చెప్పాడు.

ఆ ఆదివారం నన్ను చూడడానికి గుంతకల్లు నుంచి పెళ్ళివాళ్ళు వస్తారని కబురొచ్చింది. అమ్మ హాలంతా కడిగించింది. తొట్టి దగ్గరికి వచ్చి, "ఇదేందే ఇది, రంగుల తొట్టి మాదిరి! వచ్చినోళ్ళు మనల్ని రంగులు వేసేవాళ్ళనుకుంటారు" అంది. నాన్న మొహం కూడా ముడుచుకుంది. ఆయనకు చేపలు చూపించకపోతే చుట్టాలు వచ్చినట్టే కాదు. నీలం నీళ్ళలో చేపలు కనబడడం లేదు.

శనివారం పొద్దున నేను బొగ్గు మూట విప్పాను. కుండ ఎక్కించాను. ఎవరూ చెప్పలేదు. అమ్మ చెప్పలేదు, నాన్న చెప్పలేదు. ఇరవై చెంబులు కాదు, వంద పోసుంటాను. సాయంత్రానికి నీలం విరిగింది. ఆదివారం పొద్దుటికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కుండ దించి మళ్ళీ అటకెక్కించాను. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నాన్న నా తల నిమిరాడు, నీళ్ళు వాటంతట అవే తేరుకున్నాయనుకుని.

పెళ్ళివాళ్ళు వచ్చారు. ఉగ్గాని, బజ్జీలు తిన్నారు. నన్ను నడిపించి చూశారు. తొట్టి వైపు ఒక్కరు కూడా తల తిప్పలేదు. వారానికి, జాతకాలు కుదరలేదని కార్డు ముక్క రాశారు. అంతటి సంబంధం కోసం!

మంగళవారానికి నాలుగు చేపలు వెల్లకిలా తేలాయి. బుధవారం పొద్దున మిగిలిన రెండూ పోయాయి. నాన్న తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉండగా రంగులప్ప వచ్చాడు.

ఆయన చేపలను చూడలేదు. మొదటి రోజు మాదిరే నీళ్ళను చూశాడు. తేట నీళ్ళు. కడిగిన పీట మీద కుండ అడుగు గుర్తు కొత్తగా పడి ఉంది. తల ఎత్తి నా వైపు చూశాడు. ఒక్క చూపు. నేను తల దించుకున్నాను.

ఆయన నోరు తెరవకముందే మా అన్న అందుకున్నాడు. "ఏం బొగ్గప్పా నువ్వు ఇన్నాళ్ళూ పెట్టింది? చక్కెర మిల్లుల్లో తెలుపు రావడానికి ఎముకలు కాల్చిన బొగ్గు వాడతారంట. నేను చదివినాను. అదే గదా నువ్వు తెచ్చింది?"

అన్న ఎక్కడో చదివిన మాట నిజమే కావచ్చు. దాన్ని తెచ్చి మా ఇంటి కుండకు అంటించాడు. ఎముకలు అన్న మాట అవ్వ చెవిన పడింది. ఇంక చూడాలి! దేవుడి గది ఎదురుగా ఎముకలు పెట్టినాడని ఆమె గుండెలు బాదుకుంది. అమ్మ ఏడ్చింది. అన్న అటకెక్కి కుండ దించి వాకిట్లో పగలగొట్టాడు.

రంగులప్ప కదలలేదు. "టెంకాయ చిప్పలు సావుకారూ. మీ ఇంటి టెంకాయ చిప్పలే. పాపను అడగండి, సంచిలో పోసిచ్చేది పాపే" అన్నాడు.

అంత మాత్రమే అన్నాడు. బొగ్గు ఎవరు కొట్టారో అనలేదు. నీలం ఎట్లా పోయిందో అనలేదు.

నాన్న నా వైపు తిరిగాడు. "ఏమ్మా? నువ్విచ్చినావా?"

ఇచ్చానంటే ఎప్పుడెప్పుడు అంటారు. బయట కూర్చున్న రోజు కూడా బయటికొస్తుంది. అక్కడి నుంచి ఆదివారం నీళ్ళు ఎట్లా తేట అయినాయి అనేదాకా వస్తుంది. అదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. పందొమ్మిదేళ్ళ బుర్ర ఎంత చురుగ్గా పని చేసిందో చూడండి, పిరికితనం దగ్గరికి వచ్చేసరికి.

"నాకేం తెలుసు నాన్నా" అన్నాను.

రంగులప్ప తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ రోజు చేతులు దాచుకోలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, "వస్తా సావుకారూ" అని వెళ్ళిపోయాడు. అవ్వ ఆయన కూర్చున్న మెట్టు మీద పేడనీళ్ళు చల్లించింది. చల్లింది నేనే. నన్ను చల్లమన్నారు, చల్లాను.

అక్కడితో అయిపోయుంటే ఇంత రాసేదాన్ని కాదు. నాన్న మండీలో చెప్పాడు. అన్న సావాసగాళ్ళకు చెప్పాడు. నెలకు ఆ మాట చీరల అంగళ్ళకు పాకింది. "ఆయప్ప రంగుల్లో ఎముకల పొడి కలుపుతాడంట." మడి చీరలు అమ్మే అంగళ్ళవాళ్ళు ఆయన రంగు వేసిన నూలుతో నేసిన చీరలు వద్దన్నారు. వాళ్ళు వద్దంటే మగ్గాలవాళ్ళు నూలు ఎందుకు ఇస్తారు? ఆయన బుధవారం బస్సు ఎక్కడం మానేశాడు. ఇవన్నీ నాకు అప్పుడే తెలుసు, మా ఇంట్లో భోజనాల దగ్గర ఈ కబుర్లే కదా. తెలిసీ అన్నం తిన్నాను. ఏడాదికి ఇంకో సంబంధం కుదిరి పెళ్ళి చేసుకున్నాను.

మా అన్న మజ్జిగ తాగుతూ ఆ వార్త చెప్పిన మూడో రోజు, ఎవరికీ చెప్పకుండా ఎమ్మిగనూరు బస్సెక్కాను. బస్సులు ఆగే చోటికి ఎదురుగానే వాళ్ళ ఇల్లు. పెరట్లో రంగు కాగులు మూడూ బోర్లించి ఉన్నాయి. వాటి మీద గడ్డి మొలిచింది. ఆఖరి రెండేళ్ళు ఇంకొకరి కొట్టంలో కూలికి నూలు ముంచాడట. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను.

"నువ్వేనా ఆ పాపవు" అంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

నేను మొత్తం చెప్పాను. చిప్పలు, బొగ్గు కొట్టిన రోజు, నీలం మందు, వంద చెంబులు, నాకేం తెలుసు అన్న మాట. చెబుతూ ఏడ్చాను. ఆయమ్మ ఏడవలేదు.

"ఆయప్పకు తెలుసు లేమ్మా" అంది. "నీలం యాడికి పోతాది, బొగ్గు ఎవురో పెట్టినారు గాబట్టే పోయినాది, అన్నాడు ఆ పొద్దు ఇంటికి రాంగానే. ఎవురు పెట్టిందీ గూడా తెలుసు. సెప్పకపోతివా అని నేను గొడవ పడితి. పెండ్లి సూపులంట, ఆ ఇంట్లో ఆడపిల్ల, నేనెట్ల నోరు తెరుస్తా అనె."

నేను ఏదో అనబోయాను. క్షమించమనో ఏదో. ఆయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు ఎవురికి సెప్తావమ్మా ఆ మాట? అప్పుడు రావల్ల. ఆయప్ప సూసినాడు నీకోసరం. పాప అబద్దం ఆడేది గాదు, అందరి ముందర బయపడింది, రెండు దినాల్లో తనే వాళ్ళ నాయనకు సెప్పేస్తాది, కబురన్నా పంపిస్తాది, అని. కాగుల కింద మంట గూడా పెట్టలేదు. నాలుగు దినాలు ఆదోని బస్సు వచ్చే టయానికి ఇదో, ఈ గడపలో కూసున్నాడు. దిగేవాళ్ళనందరినీ సూసేది, బస్సు పోయినాక లోపలికి వచ్చేది."

ఆయమ్మ రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "నాలుగో దినం కనకాంబరాలు పెట్టుకున్న పిల్ల ఒకతె దిగినాది. దూరం నుంచి నీ మాదిరే ఉన్నిందేమో. ఆయప్ప దిగ్గున లేసి తువ్వాలు సర్దుకున్నాడు. 'పాప వచ్చినాది, ఎండన పడి వచ్చినాది, మంచినీళ్ళు తే' అని నన్ను కేకేసినాడు. నేను సెంబు తీసుకోని ఉరుకుతా వస్తి. ఆ పిల్ల అంతలోనే పక్క సందులోకి తిరిగిపాయ. బస్సు గూడా పాయ. దుమ్ములో నేనూ ఆయప్పా నిలబడుకోని ఉంటిమి, సేతిలో నీళ్ళ సెంబు పట్టుకోని."